నిమ్మచెట్టు లారీ ఎక్కిన వేసవి

ఆ వేసవిలో మా ఆయనా, మా మరిదీ మాట్లాడుకునేవారు కాదు. అంటే మాటల్లేవని కాదు. కావలసినన్ని ఉండేవి. అవన్నీ నా మీదుగా వెళ్ళేవి.

ఆఫీసుగదిలో ఒకే బల్లకి అటొకరు, ఇటొకరు కూర్చునేవారు. మా ఆయన పేపర్లోంచి తలెత్తకుండా, "గేటుకి అడ్డంగా బండి పెట్టొద్దని మీ మరిదికి చెప్పు" అనేవారు. నేను నోరు తెరిచేలోపే అటునుంచి, "రెండు నిమిషాల్లో తీసేస్తానని మీ ఆయనకి చెప్పు వదినా" అని వచ్చేది. మొదట్లో నేను నిజంగానే ఆ మాట ఇటు, ఈ మాట అటు చేరవేశాను. పదిరోజులకి ఓపిక పోయింది. "విన్నారుగా" అని ఇటు, "విన్నావుగా" అని అటు అని సరిపెట్టుకునేదాన్ని. తర్వాత అదీ మానేసి, తల మాత్రం ఇటూ అటూ తిప్పేదాన్ని. మాది సామాన్లు మోసే వ్యాపారం. ఆ ఏడాది మా ఇంట్లో అందరికన్నా ఎక్కువ బరువు మోసింది నేనే.

వ్యాపారం మా మామగారు పెట్టింది. తోపుడు బండి మీద మంచాలూ బీరువాలూ ఒక ఇంటినుంచి ఇంకో ఇంటికి తోసుకెళ్ళేవారట. అది పెరిగి లారీ అయింది. ఆయన పోయిన ఏడాదికి మరిది ఎవరితోనూ చెప్పకుండా రెండు చిన్నబళ్ళు తెచ్చి దొడ్లో పెట్టాడు. ముందు ఇద్దరు కూర్చునే చోటు, వెనక పొట్టి తొట్టి. మా ఆయన వాటి చుట్టూ ఒకసారి తిరిగి చూసి, బేరానికి వచ్చినవాళ్ళ ముందరే, "వీటిని నడపాలా, కీ ఇచ్చి వదలాలా?" అన్నారు. మరిది మొహం కందిపోయింది. "నీ ఏనుగు సందులోకి దూరలేక మలుపులో నిలబడితే, బీరువా వీపున మోసేది మేము. పైన కూర్చున్నవాళ్ళకి ఏం తెలుస్తుంది" అన్నాడు.

అంతే. ఆ మాట ఇద్దరికీ ఆఖరి మాటయింది.

మర్నాడు దొడ్డి మధ్యలో సున్నంతో గీత పడింది. లారీ ఇటు, చిన్నబళ్ళు అటు. తీరా చూస్తే గేటు అటుంది, కుళాయి ఇటుంది. లారీ బయటికి వెళ్ళాలంటే వాళ్ళ వైపు తొక్కాలి, బళ్ళు కడగాలంటే వాళ్ళు మా వైపు రావాలి. ఫోను నంబరు మూడు బళ్ళ మీదా ఒకటే. గేటు మీద బోర్డులో మామగారి పేరు పక్కన 'అండ్ సన్స్' అని ఉంది కాబట్టి దాన్ని పీకే హక్కు ఇద్దరిలో ఏ ఒక్కరికీ లేదు.

మా లోడింగ్ మనిషిని నిదానం అంటాం. ఏ సామాను ఎత్తినా ముందు ఆ మాట అని గానీ చెయ్యి వెయ్యడు. అసలు పేరు మామగారికి తెలుసేమో. సోమ, మంగళ, బుధవారాలు మా ఆయన దగ్గర, మిగతా మూడురోజులు మరిది దగ్గర పనిచేసేవాడు. ఇటు మాట అటు అనేవాడు కాదు. ఆ గుణం నాకూ ఉంటే ఎంత హాయిగా ఉండేదో అనుకునేదాన్ని.

రెండో చిన్నబండి నడిపేది మా తోడికోడలు. మా ఇద్దరికీ ఏ గొడవా లేదు. కుళాయి దగ్గర బండి కడుగుతూ ఆవిడా, బట్టలు తడుపుతూ నేనూ రోజూ కావలసినంత నవ్వుకునేవాళ్ళం. కానీ నవ్వులాట కాని సంగతి ఒకటి దగ్గరపడుతోంది. వేసవి దాటగానే గీత మీద గోడ కట్టించాలని అన్నదమ్ములిద్దరూ, నా ద్వారానే, ఒప్పుకున్నారు. ఎనిమిది నెలల్లో వాళ్ళకి కుదిరిన ఒకే ఒక్క విషయం అది. మేస్త్రీ వచ్చి కొలతలు కూడా తీసుకున్నాడు. గోడ లేస్తే ఇక నా అవసరం కూడా ఉండదు. నా మీదుగా వెళ్ళే ఆ మాటైనా లేని ఇల్లు ఎలా ఉంటుందో తల్చుకోవాలంటేనే భయమేసేది.

అలాంటి రోజుల్లో మొక్కలావిడ వచ్చింది.

అరవై దాటిన మనిషి. గోళ్ళలో మట్టి, తలకి గుడ్డ. కుర్చీ చూపిస్తే చీర మురికని అంచున కూర్చుంది. ఊళ్ళో ఒక ఇరుకు సందు చివర ఆవిడకి మొక్కల నర్సరీ ఉంది. స్థలం గలాయన నెలాఖరుకి ఖాళీ చెయ్యమన్నాడు. ఊరికి నలభై కిలోమీటర్ల అవతల కొత్త స్థలం దొరికింది. మూడువేల పైచిలుకు కుండీలు, ఒక్కటీ ఎండలో మాడకుండా అక్కడికి చేరాలి.

మా ఆయన అలవాటు కొద్దీ పేపర్లోంచే, "ఆ సందులోకి లారీ రాదని ఆవిడకి చెప్పు" అన్నారు.

ఆవిడ వింతగా చూసింది. "నాకు వినపడుతుందండీ" అంది.

మా ఆయన పేపరు కిందపెట్టారు. చెవులు ఎర్రబడ్డాయి. బల్లకి అటువైపు మరిది దగ్గు వచ్చినట్టు మూతికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. తర్వాత గొంతు సవరించుకుని, "నా బళ్ళు సందులోకి వస్తాయమ్మా. కానీ అంత దూరం ఎన్ని ట్రిప్పులు వెయ్యను? మూడోరోజుకి మీ మొక్కలు కట్టెలైపోతాయి" అన్నాడు.

ఆవిడ మా ఆయన్ని చూసింది. మరిదిని చూసింది. బల్ల కేసి చూసింది.

"సందులో ఈయనవి పడతాయి. దూరం ఆయనది పోతుంది. ఇద్దరూ ఎదురెదురుగానే ఉన్నారు. మరి కుదరనిది ఏమిటి నాయనా?"

మా ఆయన మళ్ళీ పేపరు ఎత్తారు, మరిది బండి తాళంచెవి తిప్పుతూ కూర్చున్నాడు. ఆవిడ కాసేపు చూసి, "పెద్ద కంపెనీ వాళ్ళని కూడా అడిగాను. కుండీలు పగిలినా, మొక్కలు చచ్చినా మాకు సంబంధం లేదన్నారు. నాకు కుండీల గురించి కాదు బెంగ. అంట్లు కట్టుకునే ఇరవై ఎనిమిదేళ్ళ తల్లిమొక్కలున్నాయి" అని లేచింది.

గేటు దాకా వెనకే వెళ్ళి, "రేపు ఫోన్ చేస్తాను. ఇంకెవరికీ ఒప్పుకోకండి" అన్నాను. ఏ ధైర్యంతో అన్నానో నాకే తెలీదు.

కుళాయి దగ్గర తోడికోడలితో చెబితే, ఆవిడ బక్కెట్టు దించి, "అక్కా, పని సగానికి విరిచేద్దాం. ఎవరి సగం వాళ్ళకి చెబుదాం. రెండో సగం గురించి మనకేం తెలీదు" అంది.

మధ్యాహ్నం భోజనం దగ్గర మా ఆయనతో అన్నాను. "మొక్కలు మెయిన్‌రోడ్డు మీదకి వచ్చేస్తాయట. అక్కణ్ణించి మీరు తీసుకెళ్తే చాలట."

"రోడ్డు మీదకి ఎవరు తెస్తారు?"

"ఎవరో బళ్ళవాళ్ళు."

"ఎన్ని బళ్ళు?"

"రెండు."

"చిన్నవా?"

"మరీ చిన్నవేం కాదు."

మంచినీళ్ళు తాగారు. గ్లాసు కిందపెట్టి దానికేసే చూస్తూ, "వేళకి వస్తారా వాళ్ళు?" అన్నారు.

"అది మీకే తెలియాలి."

చెయ్యి కడుక్కుని వెళ్ళారు. కాసేపటికి కిటికీలోంచి చూస్తే టేపు పట్టుకుని లారీ తొట్టిలో కొలతలు తీస్తున్నారు. అటువైపు మరిది, "లారీ ఎవరిది?" అని అడిగితే మా తోడికోడలు "నీలం రంగుది" అందట. ఊళ్ళో నీలం లారీ ఇంకొకటి లేదు. అతను "ఊఁ" అని, కర్ర ఒకటి తీసుకుని సందు వెడల్పు చూసి రావడానికి వెళ్ళిపోయాడట.

ఇద్దరికీ తెలుసు. తెలియనట్టు ఉండడానికి ఇద్దరూ పడ్డ అవస్థ చూస్తే నాకు నవ్వాగేది కాదు.

మా ఆయన మూడురోజులు చెక్కలు కోశారు. కుండీలు ఒకదాని మీద ఒకటి పెట్టడానికి వీల్లేదు కాబట్టి లారీ తొట్టిలో మూడు వరసల అరలు కట్టారు. పొద్దున్నుంచి సాయంత్రం దాకా సుత్తి చప్పుడే. మామగారు పోయాక ఆయన్ని అంత హుషారుగా నేను చూడలేదు. రెండోరోజు ఆయన మేకులు కొనడానికి బజారుకి వెళ్ళినప్పుడు మరిది గీత దాటి వచ్చాడు. లారీ వెనక నిలబడి అరలన్నీ చూశాడు. ఒక పలకని చేత్తో నొక్కాడు.

"కింద అరకి నడుమ ఇంకో ఊతం ఉండాలి వదినా. తడి మట్టి బరువు మామూలుగా ఉండదు" అన్నాడు.

'మీ ఆయనకి చెప్పు' అనలేదు. అనలేదు కాబట్టి నేను చెప్పలేదు. మర్నాడు పొద్దున్న చూస్తే కింద అరకి నడుమ ఊతం ఉంది. ఎవరు కొట్టారో నేను అడగలేదు.

మొదటిరోజు తెల్లవారుతూండగానే మొదలుపెట్టాం. ఎండ ఎక్కకముందే లారీ అవతలికి చేరాలి. సందు మొదట్లో మెయిన్‌రోడ్డు పక్కన లారీ నిలిపారు. చిన్నబళ్ళు రెండూ సందులోకి వెనక్కి వెళ్ళి, నిండుగా కుండీలతో ముందుకి వస్తున్నాయి. అందులో మా మరిది చెయ్యి ఎంత నేర్పో ఆ రోజే చూశాను. బండికి ఇటు జానెడు, అటు జానెడు చోటు. గోడకి గీసుకోకుండా, కుండీ ఒరగకుండా తెచ్చి నిలిపేవాడు. మా ఆయన తొట్టిలో నిలబడి చూసీ చూడనట్టు చూస్తున్నారు.

ఒక గంట సజావుగా సాగింది. ఆ తర్వాత పొడుగు మొక్కలు ముందొచ్చాయి. అవి పై అరలో తప్ప పట్టవు. కింది అరలు ఇంకా ఖాళీ.

"పొట్టివి ముందు పంపమని మీ మరిదికి చెప్పు" అన్నారు మా ఆయన.

మరిది ఇరవై అడుగుల దూరంలో బండి దిగి నిలబడి ఉన్నాడు. నేను మొక్కల మధ్యలో ఇరుక్కుపోయి కదల్లేకుండా ఉన్నాను. ఫోను తీసి అతనికి చేశాను. జేబులో ఫోను మోగడం అందరికీ వినిపించింది.

"చెప్పు వదినా" అన్నాడు, నా మొహంలోకే చూస్తూ.

"పొట్టివి ముందు."

"సరే. పొడుగువి చేటలా విచ్చుకున్నాయి, తాడుతో దగ్గరికి కట్టి ఏటవాలుగా పెడితే కింద కూడా పడతాయని చెప్పు."

నేను ఫోను దించాను. మా ఆయన అప్పటికే తాడు వెతుకుతున్నారు. మొక్కలావిడ నీళ్ళ డబ్బా పట్టుకుని మమ్మల్ని మార్చి మార్చి చూసింది. "మీ ఇంట్లో బిల్లు బాగా వస్తుందేమో ఫోనుకి" అంది. నిదానం అటు తిరిగి భుజాలు కదిలేలా నవ్వాడు.

రెండోరోజు నాకు పనే లేకపోయింది. ఏది ముందు రావాలో మరిదికి తెలిసిపోయింది. ఏ బండిలో ఏముందో దిగకముందే మా ఆయన చోటు సిద్ధం చేసి ఉంచేవారు. మాటలు మాత్రం లేవు.

మూడోరోజుకి తల్లిమొక్కలు మిగిలాయి. వాటితో పాటు నిమ్మచెట్టు. సగానికి కోసిన పెద్ద డ్రమ్ములో ఉంది, రెండు నిలువుల ఎత్తు. ఆ నర్సరీలో అమ్మిన నిమ్మమొక్కలన్నీ దాని సంతానమేనట. దాన్ని వదిలేసి వెళ్ళమని బంధువులన్నారట. మొక్కలావిడ వాళ్ళతో మాట్లాడడం మానేసింది.

"దీన్ని వదిలి నేను మాత్రం ఎక్కడికెళ్తాను" అంది, ఆకులు నిమురుతూ.

దాన్ని చిన్నబండిలో నిలబెట్టి, మరిది వెనకే నడుస్తూ, తోడికోడలు అంగుళం అంగుళం నడుపుతూ సందులోంచి తెచ్చారు. మేడల మీదనుంచి జనం తొంగిచూశారు. లారీలో దాని మేరకి అరలు విప్పి, వెనక్కి బండి ఆనించి, రెండింటి మధ్యా వాలుగా పలకలు వేశారు. డ్రమ్ముకి లావుపాటి మోకు కట్టి, మా ఆయన లారీ మీద నిలబడి లాగుతున్నారు. కిందనుంచి మరిదీ, నిదానం నెడుతున్నారు. నేనూ మొక్కలావిడా లారీ పక్కన కొమ్మలు తగలకుండా కర్రలు పట్టుకున్నాం.

సగం దూరం ఎక్కింది. అక్కడ ఒక పలక పక్కకి జరిగింది. డ్రమ్ము ఒక వైపు ఒరిగింది, బరువంతా మోకు మీద పడింది. మా ఆయన పట్టుకోసం మోకుని అరచేతికి చుట్టుకుని ఉన్నారు. అది బిగుసుకుని ఆయన్ని ముందుకి ఈడ్చింది. ఒక కాలు లారీ అంచుకి తన్నిపెట్టి ఆగారు. నా చేతిలో కర్ర ఎప్పుడు పడిపోయిందో తెలియదు.

ఆయన నా వైపు చూడలేదు.

"ఒరేయ్, మోకు పట్టు" అన్నారు.

మరిది అప్పటికే చక్రం మీద కాలు వేసి లారీలోకి ఎగబాకాడు. అన్న వెనక నిలబడి మోకు కొస అందుకుని, పక్క కమ్మీకి ఒక చుట్టు వేసి వెనక్కి వాలాడు.

"పట్టుకున్నా. నువ్వు వదిలెయ్."

"వదిలితే జారిపోతుంది."

"జారదు. ముందు చేతికున్న చుట్టు విప్పుకో."

"ఒక్కడివే ఆపలేవురా."

"నేను పట్టుకున్నాను అన్నయ్యా. వదులు."

మా ఆయన ఒక క్షణం అలాగే ఉన్నారు. తర్వాత చేతికున్న చుట్టు విప్పి వదిలేశారు. డ్రమ్ము జారలేదు.

కింద భుజం ఆనించి నిలబడ్డ నిదానం, ముప్ఫై ఏళ్ళలో మొదటిసారి, "కొంచెం తొందరగా కానివ్వండి బాబూ" అన్నాడు.

తోడికోడలు బండి దిగి వచ్చి పలక సరిచేసింది. ఈసారి అన్నదమ్ములిద్దరూ ఒకే మోకు లాగారు. నిమ్మచెట్టు లారీ ఎక్కింది. మొక్కలావిడ కింద రాలిన ఆకులు ఏరుకుని, "నాలుగే" అంది. మా ఆయన అరచేతిలో ఎర్రటి చార పడింది. మరిది ఆ చేతిని చూసి, నీళ్ళ డబ్బా అందుకుని మీద పోశాడు. ఆయన చెయ్యి తీసెయ్యలేదు. నేను వంగి నా కర్ర కోసం వెతుక్కున్నాను. అది నా కాళ్ళ దగ్గరే ఉంది గానీ, దొరకడానికి చాలాసేపు పట్టింది.

చెట్టు తల లారీ క్యాబిన్‌ని దాటి పైకి ఉంది. దారిలో తీగలు తగలకుండా ఎవరైనా వెనక ఉండాలి. మరిది దిగకుండా అక్కడే కూర్చున్నాడు. నేను ముందు మా ఆయన పక్కన కూర్చున్నాను. మా వెనక చిన్న కిటికీ, దానికి అద్దం లేదు.

ఊరు దాటాక మా ఆయన తల తిప్పకుండా, "చెట్టు ఎలా ఉంది?" అన్నారు.

నేను అలవాటుగా వెనక్కి తిరగబోయాను. ఈలోపు కిటికీలోంచి జవాబు వచ్చేసింది. "బానే ఉంది. నువ్వు గుంతలు చూసుకో."

"గుంత నాకు కనిపించదంటావా?"

"కనిపించే ఎక్కిస్తున్నావు."

"ముందు తీగ ఉంది, కొమ్మ వంచు."

"వంచాను. నువ్వు మెల్లిగా పోనీ."

"ఇంతకన్నా మెల్లిగా పోతే వెనక్కి పోయినట్టే."

నలభై కిలోమీటర్లూ ఇదే వరస. గుంతల దగ్గర మొదలై, ఆ రెండు బళ్ళూ ఎందుకు చెప్పకుండా కొన్నావన్న దగ్గరికి వచ్చారు. చెప్తే వద్దంటావని చెప్పలేదన్నాడు తమ్ముడు. వద్దనేవాణ్ణేనని ఒప్పుకున్నారు అన్న. ఆ తర్వాత మా ఆయన, "సందులోంచి బండి భలే తెస్తున్నావురా" అన్నారు. కిటికీలోంచి చూస్తే మరిది చెట్టు మొదలు గట్టిగా పట్టుకుని, అటువైపు పొలాలకేసి చూస్తున్నాడు. నేను ముందుకి తిరిగి కూర్చున్నాను.

మొక్కలావిడ ఊరుకోలేదు. కనిపించిన వాళ్ళందరికీ మా సంగతి చెప్పింది. వారం తిరక్కుండా విచిత్రమైన సామానంతా మా మీద పడింది. ఒకాయన గోడంత చేపలతొట్టె, ఒకావిడ పదిహేను తేనెటీగల పెట్టెలు, ఇంకో చోట ఇరుకు మెట్ల మేడ మీదున్న అచ్చు యంత్రం. సందులోనించి చిన్నబళ్ళు, దూరానికి లారీ. ఈ రోజుకీ మా పని అలాగే నడుస్తోంది. మా దగ్గరికి వచ్చేవాళ్ళు ముందు ఎక్కడో కాదనిపించుకున్నవాళ్ళే. నిదానానికి మాత్రం కొన్నాళ్ళు తికమకగా ఉండేది. బుధవారం సాయంత్రం కాగానే వెళ్ళి గీత మీద నిలబడేవాడు.

గోడ మేస్త్రీ మొదటి వాన పడిన రోజున వచ్చాడు. ఇటుకలు ఎక్కడ దింపించాలని అడిగాడు. అన్నదమ్ములు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. గోడ వద్దు, చిన్నబళ్ళు తడవకుండా షెడ్డు వేసిపెట్టమన్నారు. అక్కడిదాకా బాగానే ఉంది. షెడ్డుకి తలుపు ఎటు పెట్టాలన్న దగ్గర తగువు వచ్చింది. గేటు వైపని ఒకరు, కుళాయి వైపని ఒకరు. మేస్త్రీ టీ తాగాడు, రెండోసారి కూడా తాగాడు, రేపొస్తానని వెళ్ళిపోయాడు. వీళ్ళ తగువు మాత్రం ఆగలేదు.

"వదినా, నువ్వైనా చెప్పు మీ ఆయనకి" అంటూ మరిది నా దగ్గరికి వచ్చాడు.

"మీ మరిదికే చెప్పు, బుద్ధి ఉంటే వింటాడు" అన్నారు మా ఆయన, అతని వెనకే వచ్చి.

"నన్ను లాగకండి. నేను ఆ ఉద్యోగం మానేశాను" అన్నాను.

లోపలికి వెళ్ళి తలుపు దగ్గరగా వేసి, మంచం మీద నడుం వాల్చాను. ఇన్ని నెలల్లో మధ్యాహ్నం పూట నేను పడుకోవడం అదే మొదలు. బయట వాన జోరందుకుంది. దాని చప్పుడులో ఇద్దరి గొంతులూ ఒకసారి లేస్తున్నాయి, ఒకసారి తగ్గుతున్నాయి. ఏమనుకుంటున్నారో ఒక్క ముక్కా తెలియడం లేదు. తెలుసుకోవలసిన అవసరమూ లేదు. అలా వింటూనే నిద్రపోయాను.